1500ల నాటి యూరప్ డిజైన్ పుస్తకంలో సూది చిల్లులు, మన ట్రేసింగేనా ఇది?

మగ్గం_విజయనగరం: గంటస్తంభం దగ్గర మగ్గం వర్క్ చేస్తానండి. ఏదో మ్యూజియం సైట్‌లో పాత ఎంబ్రాయిడరీ పుస్తకం పేజీ కనబడింది, గీత పొడుగునా సన్నటి చిల్లులు! మేం బటర్ పేపర్ మీద డిజైన్ గీసి సూదితో పొడిచి, జాకెట్ ముక్క మీద పరిచి కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్ గుడ్డతో రుద్దుతాం కదా, అదేనా ఇది? ఈ పుస్తకాలు ఎవరు కొనేవారు, ఉన్నదున్నట్టు దించీసేవారా?

పాతపుస్తకాలపిచ్చి: అదే పద్ధతండి, కిరోసిన్ ఒక్కటే లేదు. బొగ్గుపొడి చిన్న గుడ్డలో మూటకట్టి చిల్లుల మీద తట్టేవారు, పడిన చుక్కల్ని కలిపి గీసుకునేవారు. ఇలాంటి అచ్చు పుస్తకాలు 1520ల్లో జర్మనీ ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ అనే ప్రింటర్ మొదలెట్టాడు, వెంటనే కొలోన్‌లో క్వెంటెల్, వెనిస్‌లో పగానినో. ఈ పగానినో పుస్తకంలో ఆడవాళ్ళు డిజైన్ దించుతున్న బొమ్మే ఉంది, ఒకామె పొడి తట్టుతుంటే ఇంకొకామె కిటికీ వెలుతురుకి ఆనించి గీస్తుంటుంది. చిల్లులు పడ్డ కాగితం ఎన్నాళ్ళుంటుంది చెప్పండి, కత్తిరించి వాడీసారు, అందుకే కొన్ని ఎడిషన్లు ఒకటో రెండో కాపీలే మిగిలాయి. నలగకుండా ఉన్నవి ఎవరూ వాడనివేమో అని నా అనుమానం.

పొందూరోడు: ఉన్నదున్నట్టు ఏటి, పబ్లిషర్లే ఒకరి డిజైన్లు ఇంకొకరు కొట్టీసి వేసుకునేవారు 😀 పారిస్‌లో 1530లో పెల్లెగ్రినో వేసిన పుస్తకం నిండా తీగలల్లిక డిజైన్లే, అవి ఇస్లాం దేశాల పనితనం చూసి తెచ్చుకున్నవి. అలాంటి డిజైన్లు కుట్టుపనికే కాదు, కంసాలులు, బైండింగ్ వాళ్ళు, చెక్కపని వాళ్ళూ వాడుకున్నారు. మన బుడితి ఇత్తడి చెంబు మీద చెక్కినా నప్పుతాయి.

మగ్గం_విజయనగరం: బాగుంది గానీ, సైజు ఎలాగ మరి? చేతి అంచుకి చిన్నది కావాలి, వీపుకి పెద్దది.

పాతపుస్తకాలపిచ్చి: దానికే గళ్ళ డిజైన్లు. 1587లో పారిస్‌లో వచ్చిన వించోలో అనే ఆయన లేసు పుస్తకంలో కొన్ని పేజీలు గళ్ళల్లోనే నింపి ఉంటాయి, గళ్ళు లెక్కెట్టుకుని కుట్టడమే, గుడ్డ నేత ఎంత సన్నమైతే డిజైన్ అంత చిన్నది. మీ పనికైతే ఆ తిప్పలెందుకు, న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో ఈ పాత పుస్తకాల పేజీలు చాలా ఫ్రీగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి జెరాక్స్ షాపులో కావలసిన సైజుకి తీయించుకుని దాని మీంచి బటర్ పేపర్‌కి ఎత్తుకోండి.