పిండి చిక్కబడగానే గ్రైండర్ ఆగిపోతోంది, బెల్టు మార్చినా అంతే

చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మాది రెండు లీటర్ల టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్, కొని ఆరేళ్లయింది. ఇడ్లీలోకి రవ్వ కలుపుకుంటాం కాబట్టి దాంట్లో రుబ్బేది మినప్పప్పు ఒక్కటే, ఒకటిన్నర గ్లాసు.

మొదటి 12 నిమిషాలు బాగానే తిరుగుతుంది. పిండి పొంగి చిక్కబడే సమయానికి డ్రమ్ము మెల్లమెల్లగా ఆగిపోతుంది. మోటారు మాత్రం గుయ్యిమంటూనే ఉంటుంది. గాలి రంధ్రాల్లోంచి టార్చ్ వేసి చూస్తే బెల్టు, మోటారు చక్రం రెండూ కదలడం లేదు. రబ్బరు కాలిన వాసన లేదు. ఆపి, కాసేపాగి వేస్తే ఇంకో రెండు నిమిషాలు నడుస్తుంది, అంతే.

పోయిన వారం బెల్టు మార్పించాను. పప్పు ముప్పావు గ్లాసుకు తగ్గించాను, నీళ్లు ఎక్కువ పోశాను, వేరే ప్లగ్‌లో పెట్టి చూశాను. ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోంది. మిక్సీలో రుబ్బితే పిండి వేడెక్కి ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయి, పిల్లలు తినడం లేదు.

రిపేరు అతను మోటారే మార్చాలంటున్నాడు, కొత్త గ్రైండర్ ధరలో దాదాపు సగం అడిగాడు. కెపాసిటర్ బలహీనపడినా మోటారుకు బలం తగ్గుతుంది కదా, అది మాత్రం ఇంకా మార్చి చూడలేదు.

ఈ లక్షణాలు చూస్తే తప్పు కెపాసిటర్‌దా, మోటారుదా?