బంగాళాఖాతంలో ఆక్సిజన్ అడుగున కాకుండా నడిమిలో ఎందుకు తక్కువ?

ప్రశ్న
డిగ్రీ జువాలజీ పిల్లలకు సముద్ర మండలాల పాఠం చెప్పాలి. పుస్తకంలో 200 మీటర్ల దాకా వెలుతురు, 1000 దాకా మసక, 4000 దాకా చిమ్మచీకటి, 6000 దాకా అగాధం, ఆపైన అగడ్తలు అని ఉంది. లోతు పెరిగేకొద్దీ చలి, పీడనం పెరగడం అర్థమైంది. కానీ పటంలో ఆక్సిజన్ అడుగున కాదు, మధ్యలో అతి తక్కువగా చూపించారు. విశాఖ బయట మన సముద్రంలోనూ ఇంతేనా? నీళ్లు దొరికితే ల్యాబులో వింక్లర్ పద్ధతిలో (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే పద్ధతి) చూపించవచ్చా?

జవాబు 1
ఇక్కడా అంతేనండీ. 200, 1000 గీతలు వెలుతురును బట్టి గీసినవి. ఆక్సిజన్ కరువు పట్టీకి వాటితో పని లేదు. బంగాళాఖాతంలో అది దాదాపు 100 మీటర్ల దగ్గర మొదలై 600 దాకా ఉంటుంది. పైనీటిలో ఆక్సిజన్ లీటరుకు 200 మైక్రోమోల్ (మోల్‌లో పదిలక్షో వంతు) ఉంటే, పట్టీ నడిబొడ్డున 5 కూడా ఉండదు. 2000 మీటర్లు దాటితే మళ్లీ 100 పైనే.

పైనీటికి గాలి నుంచీ ప్లవకాల (నీటిలో తేలే చిన్న జీవుల) నుంచీ ఆక్సిజన్ వస్తుంది. కిందికి రాలే చచ్చిన ప్లవకాలను, మలాన్ని బ్యాక్టీరియా ఎక్కువగా తినేసేది మొదటి కొన్ని వందల మీటర్లలోనే. అక్కడ ఖర్చు ఉంది, రాబడి లేదు. అడుగునీరు దక్షిణ ధ్రువం దగ్గర చల్లబడి, ఆక్సిజన్ నింపుకుని మునిగి వచ్చినది. అక్కడికి చేరే తిండి తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే.

మన ఖాతానికి ఇంకో కారణం నదులు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి నీరు తేలిక కావడంతో ఉప్పునీటి మీద మూతలా తేలుతుంది. అరేబియా సముద్రంలో పైనీటి లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 36 దాకా ఉంటే, ఇక్కడ ఉత్తరాన వానల తర్వాత 30కి దిగువకు పడిపోతుంది. ఆ మూతను గాలి కిందినీటితో కలపలేకపోతుంది, కాబట్టి పైనున్న ఆక్సిజన్ కిందికి దిగదు. ఈ ఒక్క మాట పిల్లలకు బాగా ఎక్కితే మిగతా పాఠం తేలిక.

జవాబు 2
వింక్లర్ చక్కగా చూపించవచ్చు. పాడయ్యేదంతా సీసా నింపేటప్పుడే. నిస్కిన్ సీసా (కావలసిన లోతులో మూసుకుని అక్కడి నీటిని తెచ్చేది) పైకి రాగానే మిగతా నమూనాల కంటే ముందు ఆక్సిజన్‌కే పట్టాలి. రబ్బరు గొట్టం 125 మిల్లీలీటర్ల గాజు సీసా అడుగుకు తాకించి, మూడు సీసాల నీరు పొర్లిపోనిచ్చి, మెల్లగా గొట్టం తీయండి. ఒక్క బుడగ ఉన్నా కరువు పట్టీ నీటి లెక్క తప్పినట్టే. వెంటనే మాంగనీస్ క్లోరైడ్ 1 మిల్లీలీటరు, క్షార అయొడైడ్ 1 మిల్లీలీటరు నీటి లోపలికి వదిలి, మూత పెట్టి తిప్పండి. పైనీటి సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. 300 మీటర్ల సీసాలో దాదాపు తెల్లగానే ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితే పిల్లలు మరిచిపోరు.

మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు పోసి కరిగించి, 100 మిల్లీలీటర్లు తీసుకుని 0.01 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. లేత పసుపు వచ్చాకే గంజి కలపాలి. పైనీటికి సుమారు 8 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరుకు 5 మైక్రోమోల్ ఉన్న నీటికి 0.2 మాత్రమే. ఒక్క చుక్క ఎక్కువైతే చాలు, 1 మైక్రోమోల్‌కు పైగా తేడా. అందుకని మామూలు బ్యూరెట్‌తో చేసి "సున్నా" అని రాయొద్దు, "చాలా తక్కువ" అని రాయండి. రసాయనాల బ్లాంక్ (రసాయనాల వల్లే వచ్చే లెక్క) తీసేయడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. మరి ఆ పట్టీలో చేపలు ఉండవా? 300 మీటర్ల నీరు మాకు దొరకడం కష్టం, తీరం దగ్గర దొరికే అవకాశం ఉందా?

జవాబు 3
ఉంటాయి. ట్యూనా లాంటి వేగంగా ఈదే చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి అవి చాలావరకు పైపొరలోనే తిరుగుతాయి. లాంతరు చేపలు మాత్రం పగలంతా ఈ పట్టీలో చీకట్లో కదలకుండా దాక్కుని, చీకటి పడగానే మేతకు పైకి వస్తాయి. ఓడలో ఎకో సౌండర్ (శబ్దం ప్రతిధ్వనితో లోతు చూసే పరికరం) తెరమీద ఆ గుంపు ఒక పొరలా కనిపిస్తుంది, సాయంత్రం అది పైకి లేస్తుంది.

నీటి కోసం మార్చి నుంచి మే దాకా చూడండి. ఆ నెలల్లో నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే పైనీరు బయటికి జరిగి, కిందినీరు షెల్ఫ్ (తీరం పక్కనుండే తక్కువ లోతు సముద్రపు అడుగు) మీదకు ఎక్కుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికా సముద్రశాస్త్రవేత్త లాఫాండ్ బృందం విశాఖ దగ్గర దీన్ని పరిశీలించింది. అప్పుడు తక్కువ లోతులోనే చల్లటి, ఆక్సిజన్ తగ్గిన నీరు దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, కాబట్టి మార్చిలోనే వెళ్లడం మేలు. పైనీరు, 20, 40, 60 మీటర్లకు ఒక్కో సీసా పట్టి, ప్రతిదానికీ పట్టేటప్పటి ఉష్ణోగ్రత రాసుకోండి. వెలుతురు కోసం తెల్లటి సెక్కీ పళ్లెం దించి, అది కనుమరుగైన లోతుకు మూడింతలు వేయండి, దాదాపు అదే వెలుతురు చేరే లోతు. గోదావరి మట్టి ఉన్న రోజు పుస్తకంలోని 200 దరిదాపులకు కూడా రాదు.