రిమోట్ డెస్క్‌టాప్‌లో మన డ్రైవ్‌లు తెరిచి ఉంచాలా, మూసేయాలా?

లెడ్జర్ కడప:
కడపలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. సాయంత్రం ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే నెట్ ద్వారా ఆ సర్వర్‌ను మా స్క్రీన్ మీద తెరుచుకుని, పని చేస్తాం. ఇన్నాళ్లూ నా ల్యాప్‌టాప్‌లోని డి డ్రైవ్ సర్వర్ ఫైల్ మేనేజర్‌లో కనిపించేది. క్లయింట్లు వాట్సాప్‌లో పంపిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అక్కడి నుంచే తీసుకుని ఎంట్రీ వేసేదాన్ని. ఇప్పుడు మూసేశారు. అడిగితే వైరస్ అంటున్నారు. 20వ తేదీలోపు జీఎస్టీ 3బీ రిటర్న్‌లు వెయ్యాలి. ఇది న్యాయమేనా?

బురుజు నీడ, కర్నూలు:
అక్కా, మూసి ఉండరు. అలా వచ్చే డ్రైవ్‌కు సర్వర్‌లో సి, డి లాంటి అక్షరం ఉండదు, అంతే. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో అయితే దిస్ పీసీ కింద మీ ల్యాప్‌టాప్ పేరుతో కనిపిస్తుంది. టోటల్ కమాండర్ లాంటి వేరే ఫైల్ మేనేజర్లలో డ్రైవ్‌ల వరుసలో రాదు. పాత్ రాసే చోట రెండు బ్యాక్‌స్లాష్‌లు, టీఎస్‌క్లయింట్, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్, డి అని కొట్టండి. కనెక్ట్ అయ్యే ముందు రిమోట్ డెస్క్‌టాప్ విండోలో లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో మోర్ నొక్కి డి దగ్గర టిక్ పెట్టారో లేదో కూడా చూసుకోండి.

సిస్టమ్స్ అనంత:
గ్రూప్ పాలసీలో, అంటే అడ్మిన్ పెట్టే విండోస్ సెట్టింగుల్లో, డ్రైవ్ రీడైరెక్షన్ (మీ డ్రైవ్ సర్వర్‌లో కనిపించడం) ఆపేశాక ఏ పాత్ కొట్టినా రాదు. ఆపడమే సరైన పని. సెషన్‌లోకి డ్రైవ్ ఇచ్చారంటే సర్వర్‌లో మీ లాగిన్ కింద నడిచే ప్రతి ప్రోగ్రామూ దాన్ని చదవగలదు, అందులో రాయగలదు. 2024 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన దాడి ఇదే దారిలో జరిగింది. రష్యాకు చెందిన మిడ్‌నైట్ బ్లిజర్డ్ ముఠా ఈమెయిళ్లలో ఆర్‌డీపీ ఫైళ్లు, అంటే తెరవగానే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ మొదలుపెట్టే ఫైళ్లు, పంపింది. తెరిచిన వాళ్ల మెషిన్ నేరుగా ముఠా సర్వర్‌కు కనెక్ట్ అయి, వాళ్ల డ్రైవ్‌లు, క్లిప్‌బోర్డ్ అటువైపు తెరుచుకున్నాయి.

బురుజు నీడ, కర్నూలు:
అది పరాయి సర్వర్ సంగతి. అక్కది సొంత ఆఫీసు సర్వర్. రెంటికీ ముడి పెట్టి భయపెట్టడం ఎందుకు? నేను చెప్పిన పాత్ కొడితే ఏ ఎర్రర్ వస్తుందో చూడాలి ముందు.

పెన్నా ఒడ్డు:
మేం నెట్ యూజ్ కమాండ్‌తో ఆ పాత్‌కు జెడ్ అనే డ్రైవ్ అక్షరం ఇచ్చుకున్నాం. ఫైల్ మేనేజర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే మాత్రం ఆ జెడ్ కనిపించదు.

బురుజు నీడ, కర్నూలు:
చూశారా, సగం మంది మూసేశారు అనుకునేది ఇలాంటిదే.

తాడిపత్రి బిడ్డ:
తెరిచినా వందల పీడీఎఫ్‌లు విడివిడిగా లాగితే నత్త నడకే. జిప్ చేసి ఒక్క ఫైల్‌గా పంపండి మేడమ్.

సిస్టమ్స్ అనంత:
అక్షరం, ఎర్రర్ అంటూ తిరిగితే విషయం తేలదు. నేను పనిచేసిన చోట ఒకరి ఇంటి ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన ఫైల్ తెరిచాక టాలీ డేటా మొత్తం లాక్ అయిపోయింది. బ్యాకప్ తిరిగి ఎక్కించింది నేను, తిట్లు తిన్నది నేను. ఆ ఫైల్ తెచ్చినవాళ్లను ఒక్క మాట కూడా అనలేదు. ఇంట్లో ఆ ల్యాప్‌టాప్‌ను ఎవరెవరు వాడతారో, ఏమేం దించుకుంటారో మీరు నాకు చెప్పగలరా?

లెడ్జర్ కడప:
నా ల్యాప్‌టాప్ నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. యాంటీవైరస్ నా డబ్బుతో కొన్నాను. అసలు ఎప్పుడు మూశారో చెప్తాను వినండి. మాతో పనిచేసే ఒకతను మానేసి సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకున్నాడు. కొందరు క్లయింట్లు అతనితో వెళ్లిపోయారు. వెంటనే మా అందరికీ డ్రైవ్‌లు ఆగిపోయాయి. అంతకు ముందు ఎవరికీ గుర్తురాని వైరస్ అప్పుడే గుర్తొచ్చిందా? మమ్మల్ని దొంగలుగా చూస్తున్నారు, ఆ మాట మొహం మీద అనకుండా వైరస్ పేరు చెప్తున్నారు.

తాడిపత్రి బిడ్డ:
ఇదీ అసలు సంగతి.

సిస్టమ్స్ అనంత:
మీ ఆఫీసు సంగతి నాకు తెలీదు మేడమ్. కానీ నేనైతే దాచను, అదీ కారణమే. డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు రావడమే కాదు, పోవడమూ అంతే సులువు. క్లయింట్ పాన్, బ్యాంకు వివరాలు ఆఫీసు ఆస్తి కూడా కాదు, క్లయింట్‌వి. ఒకసారి మీ ఇంటి మెషిన్‌లోకి వెళ్లాక అవి ఎటు పోయినా నాకు లెక్క దొరకదు. మిమ్మల్ని దొంగ అనడం లేదు. మనిషిని బట్టి తలుపు తీయలేను అంటున్నాను.

బురుజు నీడ, కర్నూలు:
కనీసం ఒక ఫోల్డర్ ఇవ్వొచ్చు కదా అన్నా. మ్యాక్ నుంచి కనెక్ట్ అయితే ఫోల్డర్ ఒక్కటే ఎంచుకోవచ్చు.

లెడ్జర్ కడప:
మ్యాక్ కొనిస్తారా? అనంత సార్, ఆ బిల్లులు వచ్చేదే నా వాట్సాప్‌కి, నా ఫోన్‌కి, నా నంబర్‌కి. అప్పుడు లేని భయం నా డి డ్రైవ్ దగ్గరే ఎందుకు? నా ల్యాప్‌టాప్ మీద నమ్మకం లేకపోతే ఆఫీసు ల్యాప్‌టాప్ ఇవ్వండి. నా కరెంటు, నా నెట్, నా మెషిన్ కావాలి, నమ్మకం మాత్రం ఇవ్వరు.

సిస్టమ్స్ అనంత:
వాట్సాప్ సంగతి ఒప్పుకుంటాను, అది కూడా ఆపాలి. క్లయింట్లు నేరుగా ఆఫీసు మెయిల్‌కే పంపాలి. ల్యాప్‌టాప్ ఆఫీసే ఇవ్వాలి, అందులో మీ మాటే నా మాట. అది ఇచ్చాక కూడా డ్రైవ్ తెరవను.

లెడ్జర్ కడప:
అయితే ల్యాప్‌టాప్ వచ్చేదాకా సాయంత్రం ఆరు తర్వాత సర్వర్‌లోకి రాను. సోమవారం ఆఫీసులో ఇదే చెప్తాను.