అప్‌గ్రేడ్ సగంలో ఆగిన హోమ్ సర్వర్: బాగుచేసుకోవాలా, తుడిచేసి కొత్తగా ఎక్కించాలా?

నాలుగుడిస్కులు

ఇంట్లో ఫైళ్లు దాచుకోవడానికి ఒక సర్వర్ నడుపుతున్నాను. డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్ మీద పనిచేసే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్, నాలుగు డిస్కులను కలిపి ఒకటిగా వాడుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ పూల్, సిస్టమ్ మాత్రం విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. డెబియన్ 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. ప్యాకేజీలు దిగాయి, చాలావరకు ఇన్‌స్టాల్ అయ్యాయి, చివర్లో వరుసగా ఎర్రర్లు చూపించి ఆగిపోయింది. రీబూట్ చేశాక వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు. మానిటర్ తగిలించి చూస్తే లాగిన్ అవుతోంది కానీ పూల్ జాడ లేదు. నాలుగు డిస్కులూ బయోస్‌లో కనిపిస్తున్నాయి. ముఖ్యమైన ఫైళ్లకు వేరే డిస్కు మీద బ్యాకప్ ఉంది కాబట్టి కంగారు లేదు. తెలిసినవారిని అడిగితే ఒకరు బాగుచేయమంటారు, ఇంకొకరు తుడిచేయమంటారు. ఇక్కడి వారి మాట, కారణాలతో సహా వినాలని ఉంది.

కొత్తపలక

తుడిచేయండి. విలువైనది డేటా డిస్కుల్లో ఉంది. సిస్టమ్ ఉన్న ఎస్‌ఎస్‌డీ ఎప్పుడు పోయినా బాధపడనక్కర్లేనిదిగా ఉండాలి. సగం 11, సగం 12గా మిగిలిపోయిన సిస్టమ్‌ను రాత్రంతా కూర్చుని నిలబెట్టినా, లోపల ఏ లైబ్రరీ ఏ కాలం నాటిదో మీకు ఎప్పటికీ నమ్మకం కుదరదు.

డేటా డిస్కుల కేబుళ్లు పీకండి. ఇది చాలామంది దాటవేసే పని. ఇన్‌స్టాలర్‌లో డిస్కు ఎంచుకునేటప్పుడు ఒక్క వరుస అటూ ఇటూ అయితే చాలు, పూల్‌లోని డిస్కు ఖాళీ అవుతుంది. కేబులే లేకపోతే ఆ ప్రమాదమే లేదు. వీలైతే వేరే ఎస్‌ఎస్‌డీ మీద 12 ఎక్కించి పాతదాన్ని పక్కన పెట్టుకోండి. తర్వాత డిస్కులు తగిలించి పూల్‌ను ఇంపోర్ట్ చేయండి, అంటే కొత్త సిస్టమ్‌కు అప్పగించండి. పాత సిస్టమ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయలేదు, అంటే పద్ధతిగా విడిపించలేదు కాబట్టి, దీన్ని ఇంతకుముందు వేరే సిస్టమ్ వాడింది అని కొత్త సిస్టమ్ అడ్డు చెప్పవచ్చు. బలవంతంగా ఇంపోర్ట్ చేసే ఆప్షన్ ఇస్తే తీసుకుంటుంది.

టకటక

ఇంత చర్చ ఎందుకు? సగంలో ఉన్న ప్యాకేజీలను పూర్తిచేయమని డీపీకేజీకి (డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) ఒక్క కమాండ్ ఇవ్వండి, అయిపోతుంది.

లాగ్‌పాఠకుడు

టకటక గారూ, కరెంటు పోయి ఆగిన అప్‌గ్రేడ్‌కు మీ మందు పనిచేస్తుంది. ఎర్రర్ వచ్చి ఆగినదానికి అదే కమాండ్ ఇస్తే అదే ఎర్రర్ దగ్గర మళ్లీ ఆగుతుంది.

కొత్తపలక గారి సలహాలో కేబుళ్లు పీకడం వరకు నాకు పూర్తి సమ్మతమే. నాకు గిట్టనిది ఆ తొందర. ఎందుకు ఆగిందో తెలియకుండా తుడిచేస్తే, ఆగడానికి అసలు కారణం ఆ ఎస్‌ఎస్‌డీయే చెడిపోతూ ఉండడం అయితే? మెమరీ స్టిక్ అయితే? కొత్త ఇన్‌స్టాల్ కూడా కొన్ని వారాలకు ఇదే గతి పడుతుంది, అప్పుడు తిట్లు డెబియన్‌కు పడతాయి.

ఇక "సిస్టమ్ పోయినా బాధ లేదు" అన్న మాట. ఆ ఎస్‌ఎస్‌డీలో ఏమేమి ఉంటాయో చూద్దాం. లైనక్స్‌లో ఫైలు యజమాని పేరు డిస్కు మీద ఉండదు, సంఖ్య ఉంటుంది. డెబియన్‌లో మొదటి వినియోగదారుకు సాధారణంగా 1000, తర్వాతివారికి 1001, 1002 వస్తాయి. కొత్త సిస్టమ్‌లో ఇంట్లోవారి ఖాతాలను వేరే వరుసలో సృష్టిస్తే, ఒకరి ఫొటోలన్నీ ఇంకొకరి పేరు మీద కనిపిస్తాయి. చాలామంది అప్పుడు విసుగెత్తి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తారు, ఆ తర్వాత దాన్ని ఎవరూ సరిచేయరు. ఫైళ్లను నెట్‌వర్క్‌లో పంచే సాంబా పాస్‌వర్డ్‌లు లైనక్స్ పాస్‌వర్డ్‌లతో కలిసి ఉండవు, వాటి డేటాబేస్ వేరు. పూల్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన భాగానికి (డేటాసెట్) కీ ఫైలు వాడుతుంటే అది చాలాసార్లు ఈ ఎస్‌ఎస్‌డీ మీదే ఉంటుంది. అది పోతే డిస్కులు నాలుగూ క్షేమంగా ఉన్నా లోపలి ఫైళ్లు మీవి కావు. బ్యాకప్ పనులు, షెడ్యూళ్లు, సర్టిఫికెట్లు సరేసరి.

ఇప్పుడు మీ సమస్య. పూల్ కనిపించకపోవడం అంటే పూల్ పోవడం కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లైనక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, భాగం కాదు. లైసెన్సుల పేచీ వల్ల విడిగా వస్తుంది. డెబియన్‌లో డీకేఎంఎస్ అనే పద్ధతి ప్రతి కొత్త కెర్నల్‌కూ ఆ మాడ్యూల్‌ను మీ మెషీన్ మీదే కంపైల్ చేస్తుంది. డెబియన్ 11 కెర్నల్ 5.10, 12లో 6.1. ఆ కంపైల్ ఫెయిలైతే దానికి కావలసిన కెర్నల్ హెడర్ల ప్యాకేజీ సెటప్ దగ్గర ఆగిపోతుంది, దాని మీద ఆధారపడినవీ దాని వెనకే ఆగుతాయి. మీరు చెప్పిన లక్షణాలు దీనికి అతికినట్టు సరిపోతున్నాయి.

రెండు పనులు చేయండి. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత 5.10 కెర్నల్‌ను ఎంచుకోండి. తర్వాత ప్యాకేజీలు దించే ఆప్ట్ (apt) లాగ్ ఫోల్డర్‌లోని టర్మ్ లాగ్ తెరిచి అప్‌గ్రేడ్‌లో వచ్చిన మొదటి ఎర్రర్‌ను ఇక్కడ పెట్టండి. చివరి ఎర్రర్ వద్దు, అది ఎప్పుడూ పర్యవసానమే. అంతవరకు అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ జోలికి పోకండి, పాత కెర్నల్‌ను ఊడ్చేసే ప్రమాదం ఉంది.

కొత్తపలక

వినియోగదారు సంఖ్యల మాట నిజం, ఒప్పుకుంటాను. ఇన్‌స్టాల్‌కు ముందు పాత ఎస్‌ఎస్‌డీ నుంచి సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తం, సాంబా డేటాబేస్ కాపీ చేసుకోవాలని ముందే చెప్పాల్సింది. అయితే మీ వాదన నాకే పనికొస్తోంది. ఒక ఎస్‌ఎస్‌డీ పోతే తిరిగి నిర్మించుకోలేని సర్వర్ ఉందంటే, అప్‌గ్రేడ్ ఆగినా ఆగకపోయినా అది రోగమే. ఎస్‌ఎస్‌డీలు చెప్పి పోవు. తీరిక ఉన్న రోజున, పాత డిస్కు చేతిలో ఉండగా తిరిగి కట్టడం నేర్చుకోవడమే మేలు.

మరమ్మతు చేసేవారిలో నేను చూసే అలవాటు ఇంకొకటి. బూట్ అయ్యిందా, షేర్ తెరుచుకుందా, చాలు అని లేచిపోతారు. సగంలో ఉన్న మిగతా పన్నెండు ప్యాకేజీలు అలాగే ఉంటాయి. డెబియన్ 13 వైపు వెళ్లేటప్పుడు అవి లేచి కూర్చుంటాయి. పైగా కొందరు 10 నుంచి నేరుగా 12కు దూకి ఇక్కడికి వస్తారు. మధ్య విడుదలను దాటవేయడాన్ని డెబియన్ అసలు సమర్థించదు. అలాంటివారికి మరమ్మతు చెప్పడం వారి సమయం తినడమే.

నాలుగుడిస్కులు

5.10తో బూట్ చేశాను. పూల్ వచ్చింది, ఫైళ్లన్నీ ఉన్నాయి! లాగ్‌లో మొదటి ఎర్రర్ లాగ్‌పాఠకుడు గారు చెప్పినచోటే ఉంది: 6.1 హెడర్ల దగ్గర జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0.3 మాడ్యూల్ కంపైల్ కాలేదు. 12లో 2.1.11 రావాలి కదా, పాతదే ఎందుకు మిగిలిందని వెతికితే జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీలన్నీ మారకుండా హోల్డ్‌లో ఉన్నాయి. 11 నుంచే వచ్చాను, దూకలేదు. ఇప్పుడు హోల్డ్ తీసేసి ముందుకు వెళ్లడమేనా?

వెనకదారి

వెళ్లే ముందు ఒక్క మాట. ఎస్‌ఎస్‌డీ చిన్నదే అంటున్నారు కాబట్టి ఇప్పుడున్న స్థితిలోనే దాన్ని క్లోన్ చేసి పెట్టుకోండి. ట్రూనాస్ లాంటి స్టోరేజ్ సిస్టమ్‌లలో ప్రతి అప్‌గ్రేడ్‌కూ పాత సిస్టమ్ ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా నిలిచి ఉంటుంది, బెడిసికొడితే మెనూలో పాతది ఎంచుకుంటే సరి. అక్కడ ఈ తగాదాయే పుట్టదు. మామూలు డెబియన్ ఇన్‌స్టాల్‌లో ఆ వెసులుబాటు మనమే కల్పించుకోవాలి.

అయితే ఏ వెనకదారినైనా మూసేసే పని ఒకటి ఉంది. కొత్త జెడ్‌ఎఫ్‌ఎస్ వచ్చాక పూల్ స్థితి చూస్తే, కొన్ని ఫీచర్లు ఆన్ కాలేదు, పూల్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు అని రాసి ఉంటుంది. అది ఎర్రర్ కాదు, సమాచారం మాత్రమే. చూడగానే చేయి దురద పెడుతుంది. కానీ పూల్ అప్‌గ్రేడ్‌కు తిరుగుదారి లేదు. ఆ కొత్త ఫీచర్లు వాడుకలోకి వచ్చాక 2.0.3 ఆ పూల్‌ను ఇంపోర్ట్ చేయకపోవచ్చు, చేసినా చదవడానికి మాత్రమే ఇవ్వవచ్చు. మీ క్లోన్, పాత కెర్నల్ రెండూ అలంకారాలైపోతాయి. కొన్ని నెలలు పోనివ్వండి. చేయకపోయినా నష్టం ఏమీ లేదు.

లాగ్‌పాఠకుడు

క్లోన్ మాటకు నా ఓటు. అది అయ్యాక ప్యాకేజీలు ఎక్కడి నుంచి దిగాలో రాసి ఉండే సోర్స్ లిస్టులో కాంట్రిబ్ విభాగం ఉందో లేదో చూడండి, జెడ్‌ఎఫ్‌ఎస్ అక్కడి నుంచే వస్తుంది. 12 నుంచి ఫర్మ్‌వేర్‌కు కొత్తగా నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే విడి విభాగం పెట్టారు, అది లేకపోతే కొన్ని నెట్‌వర్క్ కార్డులు తర్వాత మొరాయిస్తాయి. అప్పుడు హోల్డ్ తీసి పూర్తి అప్‌గ్రేడ్ మళ్లీ నడపండి. మానిటర్ ముందు కూర్చుని చేయండి. వెబ్ పేజీలోని టెర్మినల్‌లో వద్దు, ఎందుకంటే ఆ పేజీని నడిపే సర్వీసే మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ తప్పదంటే టీమక్స్ లోపల నడపండి, కనెక్షన్ తెగినా పని ఆగదు. సైట్ల పేర్లకు అడ్రసులు వెతకడం (డీఎన్‌ఎస్) మధ్యలో పనిచేయకపోతే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ చూడండి. 12లో దాన్ని విడి ప్యాకేజీ చేశారు, 11లో వాడుతున్నవారికి డీఎన్‌ఎస్ అక్కడే తెగుతుంది.

ముగిశాక సగంలో ఉన్న ప్యాకేజీల జాబితా ఇవ్వమని డీపీకేజీని అడగండి. ఏమీ రాకపోతేనే పని అయినట్టు. ఈ విషయంలో కొత్తపలక గారితో నాకు తగాదా లేదు.

కొత్తపలక

నాకు మీతో ఇంకా ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే హోల్డ్‌లో ఉంటే మరమ్మతు చేసుకోనివ్వండి. కానీ హోల్డ్ చేసినవాటి జాబితా, డెబియన్‌వి కాని రిపోజిటరీల (ప్యాకేజీలు దిగే చోట్లు) జాబితా రెండూ చూడకుండా నేను సరే అనను. బయటి రిపోజిటరీలు ఐదారు ఉంటే నా మాట మళ్లీ తుడిచేయమనే. నాలుగుడిస్కులు గారూ, ఆ రెండు జాబితాలూ పెట్టండి.

నాలుగుడిస్కులు

హోల్డ్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్‌వి తప్ప ఏమీ లేవు. బయటి రిపోజిటరీలు రెండు: స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌ది, డాకర్‌ది. మొదటిది 12కు మారింది. డాకర్ లైనులో ఇంకా బుల్స్‌ఐ (డెబియన్ 11 పేరు) అనే ఉంది. క్లోన్ నడుస్తోంది.

కొత్తపలక

రెండే అయితే బాగుచేసుకోండి. డాకర్ లైనులో బుల్స్‌ఐ తీసి 12 పేరైన బుక్‌వర్మ్ అని మార్చాకే హోల్డ్ తీయండి, రెండూ ఒకేసారి సర్దుకుంటాయి. క్లోన్ అయిన డిస్కు నుంచి ఒకసారి బూట్ చేసి చూడండి, అప్పటికి పూల్ కేబుళ్లు పీకి ఉంచండి.