పాత టెర్మినల్‌లో కొత్త తనిఖీ యంత్రాలకు చోటు ఎలా?

విమానాశ్రయ భవనాల డిజైన్‌లో గానీ భద్రతా విభాగంలో గానీ పనిచేసినవారు దయచేసి సలహా ఇవ్వండి. 2001కి ముందు కట్టిన ఒక టెర్మినల్‌లో తనిఖీ ప్రాంతాన్ని మార్చే బృందంలో ఉన్నాను.

అప్పట్లో ఒక మెటల్ డిటెక్టర్ ద్వారం, చిన్న ఎక్స్‌రే యంత్రం ఉంటే సరిపోయేది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తనిఖీలు పెరిగాయి. 2006లో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చాక ట్రేలు, బల్లలు కూడా పెరిగాయి. ఇప్పుడు సంచి లోపలి వస్తువులను త్రీడీలో చూపే సీటీ స్కానర్లు పెట్టాలి. అవి పాతవాటికన్నా బరువు, చోటు కూడా ఎక్కువ కావాలి. ఖాళీ ట్రేలను వెనక్కి తెచ్చే కన్వేయర్ కూడా కలిపితే స్తంభాల మధ్య తనిఖీ వరుస పట్టడం లేదు.

నేల బరువు మోస్తుందో లేదో ఇంజినీర్లు చూసుకుంటారు. నా బెంగంతా తనిఖీ దాటిన తర్వాతి చోటు గురించే. బెల్టు పెట్టుకునేవారు, బూట్లు తొడుక్కునే వృద్ధులు, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని మరో చేత్తో సంచి సర్దుకునే తల్లులు ఆగేది అక్కడే. డ్రాయింగ్‌లో మొదటి కోత పడుతున్నదీ దానికే. ఇది నాకు మింగుడుపడటం లేదు.

ఆ స్థలాన్ని కాపాడుకోవడానికి దుకాణాలను వెనక్కి జరిపినవారున్నారా? విమానాలు నడుస్తుండగానే పనులు చేసినప్పుడు తాత్కాలిక తనిఖీ ఎక్కడ పెట్టారు? జరపగలిగే గోడలు, నేలకింద అదనపు విద్యుత్ మార్గాలు ముందే ఏర్పాటు చేయడం తర్వాత నిజంగా అక్కరకొచ్చిందా?