“తిరిగొచ్చిందే గురి”: ఏ గురి?

కోనసీమ కుర్రోడు: మా పెదనాన్నగారు మిలిట్రీలో చేసొచ్చారు. రైఫిలు స్కోపు మర తిప్పుతూ ఓ మాట అనేవారు: “...ఎంత పోతేనేం, తిరిగొచ్చిందే గురి.” ముందు ముక్క గుర్తు రావట్లేదు. పద్యమా, సామెతా? ఇందులో గురి అంటే లక్ష్యమా, నమ్మకమా?

శకటరేఫం: ముందు అక్షరం సరిచేయండి. గుఱి. తమిళంలో కుఱి, పాత కన్నడంలోనూ బండి ఱానే. గుఱుతు కూడా ఆ ఇంటి పిల్లే.

ధవళేశ్వరం మేష్టారు: “ఆ డాక్టరు మీద నాకు గురండీ” అని మా వీధిలో రోజూ వింటాం. అక్కడ బాణమెక్కడ, లక్ష్యమెక్కడ? నమ్మకమే.

స్కోపు పిచ్చోడు: ఉండండి. స్కోపు గొట్టంలో ఇంకో సన్న గొట్టం ఉంటుంది. మర ఓ పక్కనుంచి తోస్తే ఎదురుగా స్ప్రింగు నెడుతుంది. పావు మినిట్ (టైము కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కుకి 100 మీటర్ల దగ్గర గుండు సుమారు 7 మిల్లీమీటర్లు జరగాలి. స్ప్రింగు నీరసపడిందా, క్లిక్కు చెవికి వినపడుతుంది గానీ లోపలిది కదలదు. తర్వాతి గుండు పేలిన అదురుకి అప్పుడు జరుగుతుంది! అందుకే 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ మూలమూలకీ కాలుస్తారు. ఆఖరి గుండు మొదటి చిల్లు దగ్గరికే రావాలి. పెదనాన్నగారి గురి ఆ చిల్లే.

లాకుల పక్కిల్లు: మా కాలవ తూము మరా అంతేనండి. తిప్పే వైపు మారిస్తే చక్రం అరచుట్టు ఉత్తినే తిరిగి, అప్పుడు పట్టుకుంటుంది. నాన్నగారు తలుపు కాస్త ఎక్కువే దించి, మళ్ళీ పైకి తెచ్చి సున్నపు చుక్క దగ్గర ఆపేవారు. ఎప్పుడూ కిందనుంచే. ఆయన ఆ చుక్కని గురుతు అనేవారు. మీ పెదనాన్నగారూ గురుతే అనుంటారు.

స్కోపు పిచ్చోడు: ఆయ్, మేమూ దాటించి వెనక్కి తెస్తాం. పాత టార్గెట్ స్కోపుల్లో కొన్నిటికి ఈ లోపలి గొడవే లేదు, మౌంటు మీద గొట్టం మొత్తం జరిగేది.

శకటరేఫం: తూములు తర్వాత. ర, ఱ రెండు రేఫలూ కలిపేస్తామంటే ఎలాగండీ? నన్నయగారు ప్రాసలో కలిపారా?

ధవళేశ్వరం మేష్టారు: పోతనగారు కలిపారుగా! అందుకే పాత లాక్షణికులు, అంటే ఛందస్సు, వ్యాకరణాల నియమాలు రాసినవాళ్ళు, భాగవతాన్ని ఉదాహరించలేదని అప్పకవి రాశాడు. వాళ్ళు వదిలేస్తేనేం, అక్షరం ముక్క రాని మా అమ్మమ్మకి గజేంద్రమోక్షం కంఠతా వచ్చు.

శకటరేఫం: అంటే దోషమని మీరూ ఒప్పుకున్నట్టే.

ధవళేశ్వరం మేష్టారు: దోషం ఉంటే ఉంది. జనానికి గురి పోయిందా?

కోనసీమ కుర్రోడు: ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. ఆయన అన్నది గురి కాదట, గురుతూ కాదట. “తిరిగొచ్చిందే గొర్రె” అట.

శకటరేఫం: గొఱ్ఱె. బండి ఱ, ఒత్తు కూడా.