టెన్షన్‌కి ఆనాపాన: ముందే పది రోజుల శిబిరమా, ఇంట్లో మొదలుపెట్టాలా?

ఒంగోలు అక్క:
మా తమ్ముడు గ్రూప్ 2కి చదువుతున్నాడు. పరీక్ష దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టట్లేదు, పుస్తకం తెరిస్తే గుండె దడ అంటున్నాడు. విపశ్యన ధ్యాన శిబిరానికి పంపు, పది రోజుల్లో మనిషి మారిపోతాడని మా బాబాయి పట్టుబడుతున్నారు. పక్కింటి పిన్నిగారు పిరమిడ్ ధ్యానం చేస్తారు, ఆవిడేమో ఎక్కడికీ పంపక్కర్లేదు, రోజూ ఇంట్లోనే శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చోమంటారు, దాన్నే ఆనాపాన అంటారట. చేసినవాళ్లు చెప్పండి, ఏది ముందు?

సాగర్ రోడ్డు:
శిబిరానికే పంపండి అక్కా. హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు, సాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్తలో నేను చేశాను, 1976 నుంచి నడుస్తున్న కేంద్రం అది. మొదటి మూడు రోజులూ ఆనాపానే, ముక్కు దగ్గర వచ్చే పోయే గాలిని గమనించడం తప్ప ఇంకో పని ఉండదు, నాలుగో రోజు విపశ్యన, అంటే ఒళ్లంతా కలిగే అనుభూతులను గమనించడం నేర్పుతారు. ఫోన్ ఉండదు, మాటలుండవు. ఇంట్లో పావుగంట కూర్చుంటే మనసు కుదురుకునే లోపే ఎవరో ఒకరు పిలుస్తారు. ఫీజు కూడా లేదు, ముందు కోర్సు పూర్తిచేసిన వాళ్ల దానంతోనే నడుస్తుంది. తీహార్ జైల్లో 1994లో ఈ శిబిరాల గురువు గోయెంకా గారు వెయ్యి మందికి పైగా ఖైదీలకి నేర్పారు, వాళ్లకంటే ఎక్కువ టెన్షనా మన పిల్లలకి?

కర్నూలు ధ్యాని:
పది రోజులు అక్కర్లేదండి. పిరమిడ్ ధ్యానం గురువు పత్రీజీ మా ఊళ్లో దాన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ చెప్పింది ఒకటే, వయసెంతో రోజూ అన్ని నిమిషాలు కూర్చోవాలి, అంతే. రైతులు, కూలీలు పని మానుకోకుండా ఇలాగే నేర్చుకున్నారు.

ఏలూరు నర్సు:
అక్కా, నేను శిబిరమూ చేశాను, ఇంట్లో రోజూ కూర్చుంటాను కూడా. విపశ్యన అంటే నాకు చాలా గౌరవం, అయినా ఇప్పుడు మీ తమ్ముడిని పంపొద్దనే చెప్తాను. అక్కడ పొద్దున్నే నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటల సాధన, పదో రోజు దాకా తోటివాళ్లతో మాట్లాడకూడదు. మనసు ఓ మాదిరిగా నిలకడగా ఉన్నవాళ్లకి అది గొప్ప అవకాశం. కానీ నిద్రలేక దడతో ఉన్న కుర్రాడికి అంత నిశ్శబ్దంలో లోపలున్న భయం ఇంకా పెరగొచ్చు. దరఖాస్తు ఫారంలోనే మానసిక సమస్యల గురించీ మందుల గురించీ అడుగుతారు, వైద్యానికి ఇది బదులు కాదని వాళ్లే చెప్తారు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకురాలు విల్లబీ బ్రిటన్, ఆమె బృందం ధ్యానంలో ఇబ్బంది పడ్డవాళ్లను అడిగి 2017లో పేపరు వేశారు, భయం, ఆందోళన, నిద్ర చెడిపోవడం అన్నీ అందులో ఉన్నాయి. తీహార్ సంగతంటారా, అక్కడ తర్వాత జైల్లోనే శాశ్వత కేంద్రం పెట్టారు, కోర్సు అయిపోయినా సాధనకి తోడు ఉంది. మీ తమ్ముడు పదకొండో రోజు నేరుగా పుస్తకాల ముందుకే వస్తాడు.

ముందు డాక్టరుకి చూపించండి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. మనసు బాగోక ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ.

ఆ తర్వాత ఇంట్లోనే పది నిమిషాలతో మొదలుపెట్టమనండి, కుర్చీలో అయినా సరే. గాలి ముక్కు దగ్గర, పై పెదవి మీద తగిలే చోట గమనిస్తే చాలు. లోతుగా పీల్చడం, బిగబట్టడం వద్దు, ప్రాణాయామం వేరు, ఇది వేరు. మనసు పరీక్ష మీదికి పోతుంది, పోనివ్వండి, పోయిందని తెలియగానే తిట్టుకోకుండా మళ్లీ శ్వాస దగ్గరికి రావాలి, ఆ రావడమే సాధన. ఆలోచనలే రాకూడదనుకుని చాలామంది రెండో రోజే మానేస్తారు, నాకు బాధనిపించేది ఇదే. ఇంకోటి, దడ ఉన్నవాళ్లలో కొందరికి శ్వాసని గమనించగానే ఊపిరి ఆడట్లేదేమో అనిపిస్తుంది. అలాంటప్పుడు మొండిగా కూర్చోకుండా కళ్లు తెరిచి, పాదాలు నేలకి ఆనడం గమనించాలి, లేదా మెల్లగా నడవాలి. ఈ మాట ఎవరూ చెప్పరు, కర్నూలు ధ్యాని గారూ, మీవాళ్లూ చెప్పాలి.

సాగర్ రోడ్డు:
డాక్టరు మాట ఒప్పుకుంటా. కానీ నేర్పేవాళ్లు లేకుండా ఇంట్లో తప్పుగా చేస్తే? పైగా పది నిమిషాల సాధన లోతుకి పోదు, అందులో మాత్రం నా మాట మారదు.

ఏలూరు నర్సు:
లోతు మాట నిజమే. కానీ ఇప్పుడు వాడికి కావాల్సింది లోతు కాదు, రాత్రి నిద్ర, పగలు రెండు గంటలు కుదురుగా చదువు. నేర్చుకోవడానికి విపశ్యన వాళ్లదే పది నిమిషాల మినీ ఆనాపాన ఆడియో ఫ్రీగా దొరుకుతుంది.

ఒంగోలు అక్క:
రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. మరి శిబిరం ఎప్పుడు పంపొచ్చు? బాబాయికి ఏదో ఒకటి చెప్పాలి.

ఏలూరు నర్సు:
పరీక్ష అయ్యాక, నిద్ర సరిగ్గా పడుతుంటే, వాడే వెళ్తానంటే. ఎవరో పంపారని వెళ్తే మూడో రోజుకే ఇంటికొచ్చేస్తానంటాడు.